రివ్యూ మీటింగు రోజు కడుపులో తిప్పడం: ఒక బ్యాంకు ఆఫీసరు ప్రశ్నకు జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై ఒకటేళ్లు, స్కేల్ 1 ఆఫీసరు, అంటే ఆఫీసరు హోదాల్లో మొదటి మెట్టు, నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె బ్రాంచి. భర్త హైదరాబాదులో, మూడేళ్ల పాప రాజమండ్రిలో మీ అమ్మగారి దగ్గర. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది, వారం వారం జరిగే రివ్యూ వీడియో మీటింగుకు ముందు వాంతి అవుతుంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడదు, డబ్బు దాచే స్ట్రాంగ్‌రూము తాళం వేశానో లేదోనని ఇంటికి వచ్చాక కూడా మనసు పీకుతుంది అన్నారు. రాజీనామా చేయాలా, మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్తే సర్వీసు రికార్డులో ఎక్కుతుందా అని అడిగారు. ఇవన్నీ చెప్పి, మధ్యలో మామూలు మాటలా ఒక వాక్యం రాశారు: బ్రాంచికి వెళ్లే బస్సుకు చిన్న ప్రమాదం జరిగితే బాగుండు, నాలుగు రోజులు ఆసుపత్రిలో పడుకోవచ్చు అనిపిస్తుందని.

ముందు ఆ వాక్యం సంగతి. ఇలాంటి మాట నాకు కొత్త కాదు. "కాలు విరిగినా బాగుండు", "కనీసం జ్వరమైనా రాదు" అని ఆఫీసర్లు నవ్వుతూ చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. ఒంటికి దెబ్బ తగిలితే తప్ప విశ్రాంతి అడిగే అర్హత తనకు లేదని మనిషి నమ్మేసిన దశలో వచ్చే మాట అది. దాన్ని ఇవాళే, ఉన్నది ఉన్నట్టు, మీవారికి చెప్పండి. మెత్తబరచి చెప్పకండి. ఆ ఆలోచన చిన్న ప్రమాదం దగ్గర ఆగకుండా చావు దాకా వెళ్తున్నట్టయితే ఈ జవాబు పక్కన పెట్టి 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి మాత్రం గదిలో ఒంటరిగా ఉండకండి.

ఇక నేనెవరినో చెప్పాలి. డాక్టరును కాను. ప్రభుత్వరంగ బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి 2021లో రిటైరయ్యాను. ఆఫీసర్ల సంఘం పనుల్లో ఉన్నందువల్ల మీలాంటి వాళ్ల గోడు చాలా విన్నాను. ఒకప్పుడు నేనే మీ స్థితిలో ఉన్నాను. మందులు వాడాను. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చేనాటికి నేను కృష్ణా జిల్లాలో ఒక మండల కేంద్రంలో మేనేజరును. పదో తేదీ ఉదయం ఆరింటికే బ్రాంచి ముందు జనం. ఒక క్యాషియరు, ఇద్దరు క్లర్కులు, ఒక ఆఫీసరు, నేను. మొదట్లో మనిషికి నాలుగు వేలే మార్చాలి, తరువాత వేలికి సిరా, పెళ్లి కార్డు చూపిస్తే రెండున్నర లక్షలు, రోజుకో సర్క్యులరు. రాత్రి పదకొండు దాటితే కానీ క్యాష్ టాలీ అయ్యేది కాదు. తగ్గిన డబ్బు మా క్యాషియరు రెండుసార్లు జేబులోంచి కట్టాడు. డిసెంబరు 30 దాకా అదే బతుకు. అయినా ఆ యాభై రోజులూ నేను నిద్రపోయాను. పడుకుంటే మొద్దు నిద్ర. ముసలివాళ్లను వరండాలో కుర్చీలేసి కూర్చోబెట్టడం, ముందురోజు సాయంత్రమే టోకెన్లు ఇచ్చేయడం, ఏ ఊరివాళ్లు ఏ పూట రావాలో చెప్పించడం అన్నీ మేమే అనుకుని చేశాం. తిట్లు తిన్నాం. ఎదురుగా ఉన్న హోటలాయన రోజూ ఇడ్లీలు పంపేవాడు, డబ్బు తీసుకునేవాడు కాదు.

నేను కూలబడింది ఆ తరువాత, 2017 ఫిబ్రవరిలో. పని తగ్గింది, టైముకు ఇంటికి వస్తున్నాను. మార్చి క్లోజింగుకు ఇన్సూరెన్సు పాలసీల టార్గెట్టు వచ్చింది. నోట్లు మార్చుకోవడానికి నిన్నటిదాకా వరుసలో నిలబడిన రైతుకు ఇవాళ పాలసీ అంటగట్టాలి. నా బ్రాంచి అంకె సున్నా. అరవై మంది మేనేజర్లున్న మీటింగులో నన్ను లేచి నిలబడమన్నారు. మిగతా బ్రాంచీల అంకెలు చదవడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదేమో. వారం తరువాత మచిలీపట్నం రోడ్డు మీద బండి నడుపుతుంటే గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, ఇక పోతున్నాననుకుని పక్కన ఆపేశాను.

ఇంత సొద ఎందుకంటే, మీ ప్రశ్నలో మీరు మిమ్మల్నే తిట్టుకున్నారు. పాత తరంవాళ్లు ఇంతకంటే ఎక్కువ పని చేశారు, నేనే బలహీనురాలిని అన్నారు. ఎక్కువ పని చేసిన మాట నిజమే. కానీ చేతినిండా పని ఉండటం వేరు, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించే వీలు లేకుండా ఫలితానికి మాత్రం జవాబు చెప్పాల్సి రావడం వేరు. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే ఈ సంగతి అంకెలతో చూపించాడు. ఒత్తిడి ఎక్కువగా ఉండి, పని మీద తన అదుపు తక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువ దెబ్బతింటున్నారని ఆయన తేల్చాడు. దానికి మనవాళ్లు పదిమందిలో అవమానాన్ని కూడా జోడించారు. మీరు రాసిన జాబితాలో పనిగంటల మీద ఒకే ఫిర్యాదు ఉంది. మిగతావన్నీ వినాల్సి వచ్చిన మాటల గురించి, అమ్మాల్సి వచ్చిన పాలసీల గురించి. కాబట్టి టైము సరిగ్గా వాడుకోవడం ఎలా అనే శిక్షణ తరగతికి ఎవరైనా పంపిస్తానంటే వెళ్లి టీ తాగి రండి, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

మీరు మీ స్థితికి బర్నౌట్ అని పేరు పెట్టుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆ మాటకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది వ్యాధి కాదు, పనిచోటు ఒత్తిడి ఎడతెగకుండా సాగితే పుట్టే స్థితి. ఒంట్లో సత్తువ చచ్చిపోవడం, ఉద్యోగం మీద విరక్తి, ఏం చేసినా ఉపయోగం లేదనిపించడం దాని లక్షణాలు. మీలో అవి ఉన్నాయి, వాటిని దాటినవి కూడా ఉన్నాయి. వాంతులు, నడిరాత్రి మెలకువ, తాళాల అనుమానం, బస్సు ప్రమాదం కోరిక... వీటిని నాలుగు రోజుల విహారయాత్ర తీర్చదు. డాక్టరు చూడాలి. అది ఆందోళన జబ్బా, డిప్రెషనా, రెండూనా అన్నది ఆయన తేలుస్తారు.

నేను నెల రోజులు వృథా చేశాను. గుండె డాక్టరు దగ్గర ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ తీయించుకున్నాను. అన్నీ బాగున్నాయి. మన ఇళ్లలో ఛాతీలో ఏ బాధ వచ్చినా గ్యాస్ అంటాం కదా, మూడు రకాల గ్యాస్ మాత్రలు మింగాను. చివరికి ఆ గుండె డాక్టరే విజయవాడలో మానసిక వైద్యుడి పేరు రాసిచ్చారు. ఆ చీటీ పర్సులో పెట్టుకుని మూడు వారాలు తిరిగాను. ఎర్రగడ్డ అన్నా, వాల్తేరు అన్నా మనం పేలుస్తూ వచ్చిన జోకులన్నీ అప్పుడు గుర్తొచ్చాయి, అన్నీ నా మీదే వేసుకున్నట్టు. తీరా వెళ్తే అక్కడ వరుసలో నా పక్కన కూర్చున్నది ఒక లెక్చరరు, ఒక బట్టల కొట్టు యజమాని.

మీకు దగ్గరలో నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ తెలిసినవాళ్లు కనిపిస్తారని భయమైతే హైదరాబాదులో మీవారి దగ్గరకు వెళ్లిన శనివారం ఎవరినైనా చూడండి, రెండో, నాలుగో శనివారం మనకు సెలవే. మొదటిసారి మందులు రాయగలిగిన సైకియాట్రిస్టునే కలవండి. మాటలతో చికిత్స చేసే సైకాలజిస్టు అవసరమైతే ఆయనే పంపుతారు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 పరీక్షలు చేయించమని మీరే అడగండి. ఇవి తేడా వస్తే నీరసం, దడ, దిగులు వస్తాయి. రక్తపరీక్షతో తేలేదాన్ని ఆరు నెలలు మోయడం దేనికి?

మందులు రాస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇప్పుడు ఎక్కువగా రాసే మందులు రెండు నుంచి నాలుగు వారాలకు కానీ గుణం చూపవు, మొదటి వారం వికారం, గాభరా కాస్త పెరగవచ్చు కూడా. చాలామంది అక్కడే మానేసి "నాకు పడలేదు" అంటారు. నేనూ అయిదోరోజు మానేశాను, మా ఆవిడ పట్టుబట్టి మళ్లీ మొదలుపెట్టించింది. రెండోది, నిద్రమాత్రలు వేరే జాతి. డాక్టరు కొన్ని రోజులకే రాస్తే కొన్ని రోజులే వాడండి, పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ మళ్లీ కొనకండి, అలవాటు పడతాయి. తగ్గినట్టు అనిపించినా మొదటి రకం మందులు ఒక్కసారిగా ఆపకూడదు. నాకు ఎనిమిది నెలలు వాడి మెల్లగా తగ్గించారు.

సర్వీసు రికార్డు భయం సంగతి. మీరు సొంతంగా వెళ్లి, సొంత డబ్బు కట్టి వైద్యుడిని కలిస్తే బ్యాంకుకు తెలిసే దారి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. అదే చట్టం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ వైద్య బీమా వర్తించాలంటుంది, అయితే ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే చికిత్స ఖర్చు వస్తుందో లేదో పాలసీలో చూసుకోవాలి. సిక్ లీవుకు సర్టిఫికెట్ పెడితే మాత్రం దాని మీద ఉన్నది మేనేజరు చదువుతారు, ఆఫీసులో ఇంకో ఇద్దరు చదువుతారు. మనవాళ్ల నోట మాట ఆగదు, అబద్ధం చెప్పను. ఎలా రాయాలో డాక్టరుతో ముందే మాట్లాడండి. లేని జబ్బు మాత్రం రాయించకండి, పట్టుబడితే అప్పుడు నిజంగానే రికార్డులో ఎక్కుతుంది. జబ్బు తీవ్రమై వైకల్యం దాకా వెళ్లినా, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతుంది. మీ పరిస్థితి అంతదాకా రాలేదు, రాదు. భయం ఎంత దూరం పోనిచ్చినా అక్కడ కూడా గోడ ఉందని చెప్పడానికే రాశాను.

సెలవు. మీరు ఇప్పటిదాకా ఒకటీ రెండూ క్యాజువల్ లీవులు వాడానన్నారు. అవి సెలవులు కావు, బ్రాంచి నుంచి ఫోన్లు ఎత్తుతూ బస్సులో గడిపిన రోజులు. బ్యాంకుల్లో సున్నితమైన స్థానాల్లో ఉన్నవాళ్లను ఏడాదికి కనీసం పది పనిదినాలు, ముందుగా చెప్పకుండా, ఒకే విడతలో సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు 2021 జులైలో ఆదేశించింది. ఆ రోజుల్లో వాళ్లకు పనికి సంబంధించిన ఏ వ్యవస్థా అందుబాటులో ఉండకూడదు, అందరికీ ఉండే మామూలు ఆఫీసు మెయిల్ తప్ప. మోసాలు బయటపడటానికి పెట్టిన నిబంధన అది, మన మనసు కోసం కాదు. అయినా ఆ సెలవు మీద వెళ్లొచ్చిన ఒక మేనేజరు, ఏళ్ల తరువాత ఫోను మోగని పది రోజులు గడిపానని, నాలుగో రోజునుంచి ఆకలి వేసిందని చెప్పాడు. దొంగను పట్టే వలలో నిద్ర దొరికింది! మీరు దాని కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆఫీసర్లకు ఏడాదికి ముప్పై రోజుల చొప్పున సిక్ లీవు ఉంటుంది, సగం జీతం మీద. పూర్తి జీతం కావాలంటే రెట్టింపు రోజులు ఖాతాలోంచి తగ్గిస్తారు. వాడకపోతే అది ఎక్కడికీ పోదు, ఎందుకూ పనికిరాదు. రెండు వారాలు ఒక్క విడతగా పెట్టండి. తాళాలు రాతపూర్వకంగా అప్పగించి, వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేసి, రాజమండ్రి వెళ్లండి. పాప పక్కన పడుకోండి. గోదావరి గట్టు మీద నడవండి.

తిరిగి వచ్చాక మేనేజరుతో ఎలా మాట్లాడాలి? జబ్బు పేరు చెప్పక్కర్లేదు, కావలసిందేదో కచ్చితంగా చెప్పండి. "సార్, చికిత్స నడుస్తోంది. ఆరు వారాలపాటు సాయంత్రం ఆరున్నర బస్సు అందుకోవాలి. ఉదయం అరగంట ముందు వచ్చి పెండింగు చూసుకుంటాను." ఇంతే. "చాలా ఒత్తిడిగా ఉంది సార్" అంటే ఆయన తన ఒత్తిడి గురించి గంటసేపు చెబుతారు. ఆయనకూ పైవాళ్లు ఉన్నారు, ఆయనా రాత్రి రెండింటికి లేస్తుండవచ్చు. అంత మాత్రాన మీ బస్సు వదులుకోవద్దు.

పాలసీల సంగతి మీరు నాలుగు చోట్ల రాశారు, మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా తినేస్తున్నది అదే అనుకుంటాను. పంట రుణానికి వచ్చిన ముసలాయనకు అర్థం కాని పాలసీ మీద వేలిముద్ర వేయించి, ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయానన్నారు. అది మీ బలహీనత కాదమ్మా, మీలో చెడిపోకుండా మిగిలిన భాగం. రుణానికి పాలసీని ముడిపెట్టమని ఎవరూ కాగితం మీద రాసివ్వరు. అన్నీ ఫోన్లోనే. అందుకని ఫోను పెట్టేశాక మర్యాదగా ఒక మెయిలు పెట్టండి: ఇవాళ ఫోనులో చెప్పిన సూచన ప్రకారం ఫలానా ఖాతాల్లో పాలసీ తప్పనిసరి చేయాలా, దయచేసి స్పష్టం చేయగలరు అని. జవాబు దాదాపు ఎప్పుడూ రాదు, ఆ ఖాతాల గురించి ఫోను కూడా మళ్లీ రాదు. నేను ఈ పని ఆరేడు సార్లు చేయించాను. ఒకసారి మాత్రం ఆ ఆఫీసరును దూరం బదిలీ చేశారు, అదీ చెప్పాలి. మందులు పనిచేయడం మొదలయ్యాక, సంఘంలో ఒకరిని వెంటపెట్టుకుని ఈ పని చేయండి. ఇప్పుడున్న సత్తువతో ఈ యుద్ధం మొదలుపెట్టకండి.

తాళం అనుమానానికి మా పాత హెడ్ క్యాషియరు చెప్పిన చిట్కా ఒకటుంది. స్ట్రాంగ్‌రూముకు ఎలాగూ ఇద్దరి తాళాలు. వేసేటప్పుడు జోడీ ఆఫీసరుతో "వేశాం, ఆరూ పది" అని పైకి అనండి, రిజిస్టరులో సంతకం పెట్టండి, ఒక్కసారి లాగి చూడండి. రెండోసారి లాగకండి. ఎన్నిసార్లు చూసుకుంటే అనుమానం అంత బలుస్తుంది. ఇంట్లో గ్యాస్ స్టవ్, తలుపు గడియ దాకా ఇది పాకితే డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి, దానికి చికిత్స పద్ధతి వేరుగా ఉంటుంది.

రాత్రి గ్రూపు మెసేజులకు జవాబివ్వకపోతే ఏమవుతుందని అడిగారు. పని వేళల తరువాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టంలో ఉంది. మనకు అలాంటి చట్టం లేదు. ఎనిమిది తరువాత చూడకండి, ఉదయం ఎనిమిదికి అన్నిటికీ కలిపి జవాబివ్వండి. నిజంగా మునిగిపోయే పనైతే ఫోనే చేస్తారు.

అమ్మగారు దిష్టి తీయించారని, ప్రభుత్వ ఉద్యోగం వదిలితే నలుగురిలో తలెత్తుకోలేమంటున్నారని రాశారు. దిష్టి తీయించుకోండి, ఆమె తృప్తి ఆమెది. తరువాత డాక్టరు దగ్గరకు ఆమెనే తోడు రమ్మనండి. ఆయన పది నిమిషాలు మాట్లాడితే మీరు పదినెలలు చెప్పినా దిగనిది దిగుతుంది. మా అత్తగారి విషయంలో అదే జరిగింది.

రాజీనామా గురించి నా మాట ఇది. ఇప్పుడు చేయకండి, ఎన్నటికీ చేయవద్దని మాత్రం అనను. నిద్ర లేని మనసుకు అన్ని తలుపులూ మూసినట్టే కనిపిస్తాయి, తెరిచినట్టు కనిపించే ఒక్క తలుపూ బయటికి పోయేదే అవుతుంది. మూడు నాలుగు నెలలు చికిత్స జరిగాక, నిద్ర కుదిరాక, భార్యాభర్తలు ఒకేచోట ఉండే ప్రాతిపదికన హైదరాబాదుకో, పాప కోసం రాజమండ్రి వైపుకో బదిలీ దరఖాస్తు పెట్టి జవాబు చూశాక, అప్పటికీ పొద్దున్నే బ్రాంచి గేటు చూస్తే కడుపు తిప్పితే వదిలేయండి. నాకు తెలిసిన ఒక అమ్మాయి అలా వదిలేసి డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతోంది. జీతం సగం, మాటలో జీవం ఉంది. ఇంకొకతను బదిలీ దొరికి అదే బ్యాంకులో స్కేల్ 3 అయ్యాడు, ఇప్పుడు తన రివ్యూల్లో ఎవరినీ నిలబెట్టడు. ఇద్దరూ నిర్ణయం తీసుకున్నది కాస్త కుదుటపడ్డాకే.

చివర్లో, నవ్వుతారేమో అంటూ, కాఫీ మానేయాలా అని అడిగారు. నవ్వను, మంచి ప్రశ్న. కాఫీలో నిద్ర చెడగొట్టే కెఫీన్, అయిదారు గంటల తరువాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక తాగకండి, మీటింగుకు ముందు అసలు వద్దు. పొద్దున్న ఒక గ్లాసు మాత్రం తాగండి. నేనూ అది మానలేదు.